ఇంజిన్ దించకుండానే కామ్‌షాఫ్ట్ మార్పు

పాత షెవర్లే 350 వీ8 ఇంజిన్‌కి కామ్‌షాఫ్ట్ (వాల్వులను తెరిచే కడ్డీ, పొట్టిగా కామ్) మార్చాలంటే బండిలోంచి ఇంజిన్ దించనక్కర్లేదు. ఇక్కడ టెక్సాస్‌లో నా పికప్‌కి అలాగే కానిచ్చాను. ఇందులో కామ్ పైనుండే హెడ్‌లో కాకుండా కింది బ్లాక్‌లో ఉంటుంది, కాబట్టి ముందు నుంచి లాగేయొచ్చు.

రేడియేటర్, ఫ్యాన్, వాటర్ పంప్, టైమింగ్ కవర్, చైన్ తీయాలి, చోటు చాలకపోతే గ్రిల్ కూడా. పైన ఇన్‌టేక్ మానిఫోల్డ్, డిస్ట్రిబ్యూటర్, పుష్‌రాడ్‌లు, లిఫ్టర్లు (కామ్ మీద ఆని పుష్‌రాడ్‌లను పైకి నెట్టే ముక్కలు). మెకానికల్ ఫ్యూయల్ పంప్ ఉంటే దాని రాడ్ కూడా తీయాలి, చాలామంది మర్చిపోయేది అదే.

అసలు టెన్షన్ లాగేటప్పుడు. కామ్ ముందు భాగంలో పొడవాటి బోల్టులు బిగించి, వాటినే పిడిగా పట్టుకుని, ఐదు బేరింగుల గుండా నెమ్మదిగా తిప్పుతూ బయటికి తేవాలి. లోబ్ (కామ్ మీది ఉబ్బెత్తు భాగం) అంచు ఆ మెత్తటి బేరింగ్‌ని గట్టిగా గీసిందా, అంతే సంగతులు.

ఫ్లాట్ టాపెట్ కామ్ (రోలర్ లేని లిఫ్టర్లతో నడిచేది) అయితే లిఫ్టర్లూ కొత్తవే వేయండి, అక్కడ పిసినారితనం వద్దు. లోబ్‌లకి అసెంబ్లీ లూబ్ (బిగించేటప్పుడు పూసే చిక్కటి లూబ్రికెంట్) పట్టించి, జింక్ ఎక్కువున్న ఆయిల్ పోసి, స్టార్ట్ అవగానే ఐడిల్‌లో వదలకుండా 2000 నుంచి 2500 ఆర్‌పీఎం మధ్య 20-30 నిమిషాలు ఇంజిన్ నడపాలి, ఎందుకంటే ఐడిల్‌లో లోబ్‌ల మీదికి ఆయిల్ సరిగా చిమ్మదు. ఆ గోల గురించి పక్కింటివాళ్లకి ముందే చెప్పుకోండి.