మోగిందా, ఆగిందా?

“మై అలారం డిడ్ నాట్ గో ఆఫ్” అని, సమావేశానికి ఆలస్యంగా వచ్చిన సహోద్యోగిని సంజాయిషీ ఇచ్చుకుంటుంటే, “ఆగకుండా అంతసేపు మోగినా మీకు మెలకువ రాలేదా?” అని నిజంగానే జాలిపడి అడిగాను. ఆమె ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, “అసలు మోగలేదండీ” అన్నారు.

దీపం గో ఆఫ్ అయితే ఆరిపోతుంది, అలారం అయితే మోగుతుంది, బాంబు అయితే పేలుతుంది, పాలు అయితే పాడవుతాయి; ఆఫ్ అనగానే స్విచ్చి తప్ప మరొకటి తోచని నా బుర్రకు ఇది ఇన్నేళ్ళకు ఎక్కింది.

కరెంటు పోయింది, పాప నిద్రపోయింది, పాలు విరిగిపోయాయి అనే మనం ఇంగ్లీషును తిట్టడానికి లేదనుకోండి.

సాయంత్రం ఆమెకు “రేపు మీ అలారం తప్పకుండా గో ఆఫ్ కావాలి” అని రాసి, పంపే ముందు రెండుసార్లు సరిచూసుకున్నాను.