పేరుంది సరే, ఊరుందా? వంగర మండలంలో ఒక వెతుకులాట

రాజాంలో వంగర బస్సెక్కే ముందే సగం పని ఇంట్లో అయిపోవాలి. పాత దస్తావేజులో కనిపించిన ఒక గ్రామం నిజంగా ఉందో లేదో తేల్చడమే ఆ పని (కాగితాలు వేరొకరివి, అందుకే ఇక్కడ పేరు రాయడం లేదు). నెట్‌లో కొడితే వాతావరణం, పిన్‌కోడ్, దూరాలు చెప్పే పేజీలు బోలెడు వచ్చాయి. వాటిని సాక్ష్యంగా తీసుకోలేదు. ఎక్కడిదో ఒక జాబితా ఎత్తి పెట్టుకున్న సైట్లు పది ఉన్నా ఒక్కదాని కిందే లెక్క.

2011 జనాభా లెక్కల జిల్లా పుస్తకం నయం. అప్పటికి వంగర శ్రీకాకుళం జిల్లాలో ఉండేది. విజయనగరంలో కలిసింది 2022 ఏప్రిల్‌లో. విజయనగరం పుస్తకం తిరగేస్తే పేరు ఎంతకీ దొరకదు. శ్రీకాకుళం పుస్తకంలో ఆరంకెల కోడ్, హెక్టార్లలో విస్తీర్ణం ఉన్నాయి, జనాభా మాత్రం సున్నా. ఓటర్ల జాబితా మొదటి పేజీలో సెక్షన్ల పేర్లుంటాయి, శివారు పేటలు బయటపడేది అక్కడే. అందులో ఈ పేరు లేదు.

సున్నా అయినంత మాత్రాన ఎప్పుడూ ఎవరూ ఉండలేదని చెప్పలేం. ఇది సువర్ణముఖి మీద కట్టిన మడ్డువలస రిజర్వాయరు ప్రాంతం, ముంపులో ఖాళీ అయిన ఊళ్లున్నాయి. వెళ్లింది ఆ తేడా తేల్చడానికే.

అడగడంలోనే ఉంది కిటుకంతా. "ఫలానా ఊరు ఇటేనా?" అంటే మర్యాదకైనా ఔననేస్తారు. చెయ్యి చూపించి "ఆ పక్క భూముల్ని ఏమంటారు?" అని అడగాలి, పేరు వాళ్ల నోటి నుంచే రావాలి. వేర్వేరు చోట్ల అడిగినా అదే పేరొచ్చింది. గొర్రెలు తోలుకెళ్తున్న పెద్దాయన ఇంకో మాట కలిపాడు: "ఊరేటి బాబూ, అది భూమి పేరు. మనుషులు నేరక్కడ." (నేరు అంటే లేరు.)

ఆ మాటతో వెనక్కి రాకూడదు, నేల కూడా చూడాలి. ఊరు లేచిపోయినా నుయ్యి, గ్రామదేవత గుడి, ఇళ్ల దిబ్బ మీద పెంకుల ముక్కలు మామూలుగా మిగులుతాయి. గట్ల వెంట నడిస్తే వరి మడులు, జీడితోట, మోటారు షెడ్డు కనిపించాయి. పాత కట్టుబడి ఆనవాలు లేదు. కరెంటు లైను మోటారు దగ్గరే ఆగిపోయింది. పొలాలు చేసేవాళ్లంతా పక్క ఊళ్ల రైతులు.

ఇలాంటిదాన్ని "నివాసం లేని రెవెన్యూ గ్రామం" (భూమి లెక్కల్లో గ్రామమే, ఇళ్లు మాత్రం ఉండవు) అని కోడుతో సహా రాసుకోవాలి. మ్యాపులో ఇళ్ల గుర్తు పెట్టొద్దు. సర్వే నంబర్లు దస్తావేజుతో కలుస్తున్నాయో లేదో కూడా సరిచూడాలి, కొత్తవలస లాంటి పేర్లు ఈ జిల్లాల్లో ఒకటికి మించి ఉంటాయి మరి.