ఇంగువ కంపు కొట్టిన ఏడాది

2021 మేలో జ్వరం తగ్గి నాలుగు మెతుకులు నోట్లో పెట్టుకునే స్థితికి వచ్చాక తెలిసింది, నాకు వాసన పోయిందని. స్టవ్ మీద పాలు మాడి గిన్నె నల్లబడుతుంటే నేను పక్క గదిలో పేపరు చదువుకుంటున్నాను. మా ఆయన వాకిట్లోంచి పరుగెత్తుకొచ్చి స్టవ్ కట్టేసి, "ఇల్లంతా మాడు కంపు, నీకు తెలీట్లేదా?" అన్నారు. నిజంగానే తెలీలేదు. కోవిడ్ ఇద్దరికీ వచ్చింది, ఆయన ముక్కును వదిలేసి నా ముక్కును పట్టుకుంది. ఊరంతా ఆక్సిజన్ కోసం అల్లాడుతున్న రోజులు. వాసన పోయిందని ఎవరితో చెప్పుకోను? చెప్తే "కళ్ళు పోలేదుగా, సంతోషించు" అన్నారు చుట్టాలు.

గోంగూర పచ్చడి కలుపుకుంటే పులుపు తెలిసింది, ఉప్పు తెలిసింది, గోంగూర తెలియలేదు. వెల్లుల్లి రెబ్బ పంటి కింద మెత్తగా నలిగింది, అంతే. కారం మాత్రం ఎప్పటిలాగే చెవుల దాకా ఎక్కింది. గుంటూరులో పుట్టి పెరిగినదానికి ఇదొక వింత ఊరట. యార్డుకు వెళ్ళే మిర్చి బస్తాల ఆటో పక్కనుంచి పోతే తుమ్ములు వచ్చేవి, కళ్ళలో నీళ్ళు తిరిగేవి, వాసన మాత్రం సున్నా.

డిగ్రీ పిల్లలకు ఏళ్ళ తరబడి జువాలజీ చెప్పి రిటైరైనదాన్ని కాబట్టి కారణం తెలుసు. కారం రుచీ కాదు, వాసనా కాదు. మిరపకాయలోని క్యాప్సైసిన్ మన నొప్పి నరాల్లో ఉన్న ఒక గ్రాహకాన్ని తెరుస్తుంది. ఆ గ్రాహకం పని 43 డిగ్రీలు దాటిన వేడిని పసిగట్టడం. నోట్లో నిప్పేమీ ఉండదు, కాలుతోందన్న కబురు మాత్రం మెదడుకు వెళ్తుంది. దీన్ని 1997లో పట్టుకున్న డేవిడ్ జూలియస్‌కు ఆ 2021 అక్టోబరులోనే నోబెల్ ప్రకటించారు. పక్షుల్లో ఇదే గ్రాహకం క్యాప్సైసిన్‌ను పట్టించుకోదు. అవి పండుమిరప తిని గింజల్ని చెక్కుచెదరకుండా దూరంగా వేస్తాయి. క్షీరదాలైతే దవడ పళ్ళతో గింజను పిండి చేస్తాయి, అందుకే మొక్క వాటిని దూరం పెట్టేలా పరిణామం చెందింది. ఆ క్షీరదాల్లో ఒకటి తనను ఎకరాలకెకరాలు పండించి, యార్డులో బస్తాలు పేర్చి, తేజ రకానికి ఇంతని రేటు కడుతుందని పాపం మొక్కకేం తెలుసు! కాయలో మంట ఉందా అంటే చిలక లేదంటుంది, నేను ఉందంటాను. ఎవరి పూర్వీకులు ఎలా బతికి బట్టకట్టారో, వాళ్ళ నోరు ఆ మాటే చెప్తుంది.

ఆగస్టులో వాసన తిరిగొచ్చింది. రాకపోయినా బాగుండేది. మా ఆయన చారుకు తాలింపు వేస్తున్నారు. ఆవాలు చిటపటలాడాయి, ఎండుమిర్చి వేగింది, చిటికెడు ఇంగువ నూనెలో పడిందో లేదో, చచ్చిన ఎలుక కంపు గుప్పున కొట్టింది. కడుపులో దేవి పెరట్లోకి పరుగెత్తి వాంతి చేసుకున్నాను. కాఫీ కాలిన రబ్బరై కూర్చుంది. ఉల్లిపాయ వేయిస్తే మురిక్కాలవ. ఆయనకు ఇంట్లో కాఫీ బంద్ అయింది. నేను పెరుగన్నంతో నెట్టుకొస్తూ చిక్కిపోయాను.

ఈఎన్‌టీ డాక్టరమ్మ చూసి, "వాసన నరాలు మళ్ళీ పుడుతున్నాయి మేడమ్, ఇలా వాసనలు తారుమారవడాన్ని పారోస్మియా అంటారు, మంచికే" అన్నారు. ఈ వైరస్ నేరుగా వాసన నరాలను కాక వాటికి ఆసరాగా ఉండే కణాలను పట్టుకుంటుందని 2020లోనే తేలింది. ఆసరా పోతే నరాలూ దెబ్బతింటాయి. అయితే పెద్దయ్యాక కూడా కొత్తగా పుట్టే కొద్దిపాటి నరకణాల్లో ఇవీ ఉన్నాయి, అదొక్కటే నా ధైర్యం. మనిషికి పనిచేసే వాసన గ్రాహకాలు దాదాపు 400 రకాలు. ఎలుకకు 1,000కి పైనే, ఏనుగుకు 2,000కి దగ్గర. కాఫీ వాసన అంటే వాటిలో ఏవేవి ఒకేసారి స్పందించాయన్న లెక్క. సగం నరాలే పనిచేస్తుంటే లెక్క తప్పుతుంది.

తప్పితే తప్పింది, మల్లెపూల వైపు తప్పొచ్చుగా? ఎప్పుడూ కుళ్ళు వైపే ఎందుకు? ఇంగువ, వెల్లుల్లి, ఉల్లి, వేయించిన కాఫీ గింజ, వీటన్నిట్లో గంధకం ఉన్న అణువులుంటాయి. కుళ్ళిన మాంసం, మురిగిన గుడ్డు వదిలేదీ ఆ జాతే. వంట గ్యాస్‌కు సొంత వాసన లేదు, లీకైతే తెలియాలని అందులో కలిపే ఇథైల్ మెర్కాప్టాన్ కూడా గంధకం ఉన్నదే, లేశం ఉన్నా పసిగడతాం. మిగతా సువాసనల కబురు అందక గంధకం కబురొక్కటే అందితే, మెదడు ముందుగా అపాయాన్నే ఊహిస్తుందని నా లెక్క. మంచి తిండి పారేస్తే ఒక పూట పస్తు, కుళ్ళింది తింటే ప్రాణానికే ముప్పు. శరీరం హెచ్చరికలు అవసరానికి మించి ఎందుకు మోగుతాయో రాండాల్ఫ్ నెస్సీ అనే పరిణామ వైద్య నిపుణుడు వివరించింది ఈ లెక్కతోనే.

నేను క్లాసులో చెప్పిన పాఠమే ఇది. కడుపులో దేవుతుంటే పాఠం ఎందుకూ పనికిరాలేదు. ఎదురుగా ఉన్నది మంచి చారేనని బుద్ధికి తెలుసు, ఒళ్ళు ఒప్పుకోదు. చూపూ వినికిడీ మెదడు నడుమ ఉండే థాలమస్ అనే మజిలీ దాటి పైపొర అయిన కార్టెక్స్‌కు చేరతాయి. వాసన ఆ మజిలీలో ఆగకుండానే భయాన్నీ జ్ఞాపకాన్నీ నడిపే అమిగ్డలా దాకా వెళ్తుంది. నా ఎరుక నిద్రలేచే లోపు తీర్పు అయిపోయేది.

డాక్టరమ్మ చెప్పిన వైద్యం మందు కాదు, సాధన. గులాబీ, నీలగిరి, నిమ్మ, లవంగం రోజూ రెండు పూటలా వాసన చూడాలి. జర్మనీలోని డ్రెస్డెన్‌లో థామస్ హమ్మెల్ బృందం 2009లో ప్రచురించిన పద్ధతి. "ఊరికే పీల్చడం కాదు మేడమ్, అసలు వాసన ఎలా ఉండేదో తలచుకుంటూ పీల్చండి" అన్నారావిడ. పాత హోమియో సీసాల్లో దూది పెట్టి తయారుచేసుకున్నాను. లవంగం, నీలగిరి మొదట ఘాటుగా గుచ్చుకున్నాయి, అది వాసన కాదు, మళ్ళీ నొప్పి నరమే. లవంగం కోసం చిన్నప్పటి పంటినొప్పి, అమ్మ అద్దిన లవంగనూనె దూదీ తలచుకునేదాన్ని. ఒకరోజు సీసా తెరవకుండానే అది గుర్తొచ్చి, నా ముక్కు దానంతటదే గాలి పీల్చడం గమనించాను.

ఇది నా ఒక్కదాని చాదస్తం కాదు. వాసన మీద పరిశోధించే నోమ్ సోబెల్ బృందం 2003లో చూపించింది: మంచి వాసనను ఊహించుకునేవాళ్ళు గట్టిగా పీలుస్తారు, చెడ్డదాన్ని ఊహిస్తే తక్కువ పీలుస్తారు, పీల్చనీయకుండా చేస్తే ఊహ మసకబారుతుంది. ఊహ కవుల సొత్తని అనుకుంటాం గానీ, తిండి వెతుక్కునే జంతువు ముక్కు కూడా అందులో పనిచేస్తోంది. అందుకేనేమో, అమ్మ దూదిని తలచుకుని పీల్చిన పూట సీసా కాస్త మెరుగ్గా పలికేది.

నిజమైన వాసనగా ముందు వచ్చింది నిమ్మ తొక్క. తర్వాత గులాబీ. మరుసటి ఎండాకాలం కల్లాల్లో మిరప ఎండే వేళకు కాఫీ తాగగలిగాను, అడుగున కాస్త రబ్బరు ఉన్నా. వెల్లుల్లితో రాజీ పడ్డాను. ఇంగువతో ఇంకా కుదరలేదు. తాలింపు వేసే ముందు మా ఆయన "ఇంగువ!" అని ఒక కేక పెడతారు, నేను డాబా మీదకు పోతాను. చారులో కలిసి మరిగాక అంత బాధ లేదు, రెండు గరిటెలు ఎక్కువే పోసుకుంటున్నాను.