అమెరికా క్లాసులో జపనీస్ పాఠం: తెలుగు టీచరుకు కలిసొచ్చేవీ, అడ్డం పడేవీ

అమెరికా యూనివర్సిటీల్లో మొదటి ఏడాది జపనీస్ అంటే చాలాచోట్ల వారానికి ఐదు రోజులు, రోజుకు 50 నిమిషాల క్లాసు. పదిహేను వారాల సెమిస్టర్లు రెండు కలిపితే గట్టిగా 150 గంటలు కూడా ఉండవు. అదే అమెరికా విదేశాంగ శాఖ తన సిబ్బందికి జపనీస్ నేర్పడానికి వేసుకున్న లెక్క 88 వారాలు, 2,200 గంటలు. స్పానిష్‌కి ఇందులో మూడో వంతు చాలు. సిలబస్ రాసేముందు ఈ అంకెలు పక్కపక్కన పెట్టుకోవాలి. ఏడాది తిరిగేసరికి పిల్లలు గడగడా మాట్లాడాలని ఆశపడితే అందరికీ నిరాశే. తమ గురించి చెప్పుకోవడం, దుకాణంలో కొనుక్కోవడం, నిన్న చేసిందీ రేపు చేయబోయేదీ చెప్పడం, చైనా నుంచి వచ్చిన కాంజి అక్షరాలు నూట యాభై దాకా చదవడం గట్టిగా వస్తే ఆ ఏడాది బాగా నడిచినట్టే. ఎక్కువమంది వాడే జెంకి పాఠ్యపుస్తకం మొదటి భాగంలో 12 పాఠాలు, 145 కాంజి ఉన్నాయి. రెండో భాగం కలిపితే 23 పాఠాలు, 317 కాంజి. నిత్యవ్యవహారానికి జపాన్ ప్రభుత్వం పెట్టిన జాబితాలో ఉన్నవేమో 2,136. అంటే రెండేళ్ళ చదువు తర్వాత కూడా దినపత్రిక చేతికందదు. ఆ సంగతి మొదటి రోజే చెప్పేయడం మంచిది.

ముందు లిపి. కాంజి కాక, పలుకును రాసే లిపులు రెండు. హిరగానాలో 46, కటకానాలో 46 అక్షరాలు. ఒక్కోదానికి రెండేసి వారాలు ఇచ్చి, ఆ తర్వాత రోమన్ లిపిని క్లాసులోకి రానివ్వకూడదు. 'ఒబసన్' అంటే అత్త, పిన్ని వరస. 'ఒబాసన్' అంటే అమ్మమ్మ. 'కితె' అంటే వచ్చి, 'కిత్తె' అంటే తపాలా బిళ్ళ. 'బిరు' భవనం, 'బీరు' మనకు తెలిసిన బీరే. హ్రస్వదీర్ఘాలూ ద్విత్వాలూ పాలతో పాటు వచ్చిన మనకు ఇది అసలు విషయంగానే తోచదు. ఇంగ్లిషు మాతృభాషగా ఉన్న పిల్లలకు మాత్రం సెమిస్టరంతా పోరాటమే. రోమన్‌లో రాసుకున్నంతకాలం ఆ పొడుగు చెవికెక్కదు. ఒక్కో అక్షరానికి ఒక్కో చప్పట్టు కొట్టిస్తూ పలికిస్తే ఎక్కుతుంది. 'ఒబసన్'కు నాలుగు చప్పట్లు, 'ఒబాసన్'కు ఐదు. దీర్ఘానికి అదనంగా ఒకటి, పొల్లు 'న్'కు కూడా ఒక చప్పట్టు పడాలి.

కటకానాలో 'షి', 'త్సు' అక్షరాలు రెండింటికీ రెండు చిన్న గీతలు, ఒక పొడుగు గీత ఉంటాయి. 'షి'లో చిన్న గీతలు ఎడమవైపు ఒకదాని కింద ఒకటి ఉంటే, పొడుగు గీత కింది నుంచి పైకి లేస్తుంది. 'త్సు'లో చిన్నవి పైన పక్కపక్కన, పొడుగుది పైనుంచి కిందికి. 'న్', 'సొ' అక్షరాలదీ ఇదే తంతు, కాకపోతే చిన్న గీత ఒక్కటే. పిల్లలు బొమ్మ చూసి గీసినట్టు గీస్తారు కాబట్టి నాలుగూ కవల పిల్లల్లా వస్తాయి. ఇంటిదగ్గర రాసుకొచ్చిన కాగితాన్ని ఎర్రసిరాతో ఎన్నిసార్లు దిద్దినా లాభం లేదు, ఎందుకంటే గీత ఎటు మొదలైందో కాగితం చెప్పదు. మొదటి నెల రోజుకు ఐదారుగురిని బోర్డు దగ్గరికి పిలిచి రాయించి, చెయ్యి ఎటు కదులుతోందో చూడాలి.

అక్షరాల వరస దగ్గర తెలుగువాళ్ళు ఆగి చూడాల్సింది ఒకటుంది. అచ్చులు అ ఇ ఉ ఎ ఒ. ఆ తర్వాత క, స, త, న, హ, మ, య, ర, వ వరసలు. ఇది మన వర్ణమాల క్రమమే. బౌద్ధం వెంట చైనా మీదుగా జపాన్ చేరిన, సంస్కృతం రాసే సిద్ధం లిపి చదువే దీనికి మూలం. 'స', 'హ' ఆ చోట్లలో ఎందుకున్నాయన్న అనుమానం రావాలి. 'హ' వరస పాతకాలంలో 'ప' అని పలికేది. 'స' వరస కూడా 'చ'కు దగ్గరగా ఉండేదని భాషాశాస్త్రవేత్తలు చెబుతారు. అలా చదివితే క, చ, త, న, ప, మ, య, ర, వ. నిఘంటువు వెతకడానికి ఈ క్రమం తప్పనిసరి. పిల్లలు దాన్ని బట్టీ పట్టాలి, మనకు ఆ బాధ లేదు.

వ్యాకరణంలో మనం జపనీస్‌వైపు గట్టునే ఉన్నాం. క్రియ చివర్లో, విభక్తి నామం వెనక, విశేషణ వాక్యం నామం ముందు. 'కినో కత్త హొన్' అంటే 'నిన్న కొన్న పుస్తకం', మాటకు మాట. 'తబెతె మిరు' అంటే తిని చూడటం, 'తబెతె షిమత్త' అంటే తినేశాను, 'కత్తె కిత' అంటే కొనుక్కొచ్చాను. 'తోక్యో ని ఇత్తె ఇమసు'ను అమెరికన్ విద్యార్థి 'టోక్యో వెళ్తున్నాడు' అనుకుంటాడు. అది 'టోక్యో వెళ్ళి ఉన్నాడు', మనిషి ఇప్పుడు అక్కడున్నాడు. 'షితె కురెరు' కోసం ఇంగ్లిషులో పేరా పేరా రాయాలి, తెలుగులో 'చేసిపెట్టడం' అంటే చాలావరకు సరిపోతుంది.

చిక్కంతా ఈ సులువులోనే ఉంది. మనకు మూడు నిమిషాల్లో ఎక్కిన పాఠాన్ని మూడు నిమిషాల్లోనే చెప్పేస్తాం. అవతలివాళ్ళకు అది మూడు రోజుల పని. 'నిన్న కొన్న పుస్తకం'లాంటి వాక్యాలు చెప్పేటప్పుడు నియమంతో మొదలుపెట్టకుండా, బోర్డు కుడి చివర 'హొన్' అని రాసి ఎడమవైపంతా ఖాళీ ఉంచాలి. ఏ పుస్తకం? 'అకాయ్ హొన్', ఎర్ర పుస్తకం. 'తకాయ్ హొన్', ఖరీదైన పుస్తకం. తర్వాత 'కత్త హొన్', ఆ తర్వాత 'కినో కత్త హొన్', చివరికి 'కినో తొమొదాచి తొ కత్త హొన్', నిన్న స్నేహితుడితో కలిసి కొన్న పుస్తకం. నామం కదలదు, ఎడమవైపు పెరుగుతూ పోతుంది. ఇది చేతిలో పడ్డాకే దాన్ని పెద్ద వాక్యంలో పెట్టించాలి. రెండూ ఒకే రోజు పెడితే కర్త ఎవరో తెలియక అందరూ తికమకపడతారు.

'వచ్చి', 'తిని' లాంటి అర్థమిచ్చే 'తె' రూపం మొదటి ఏడాదికి నడుము. జెంకిలో ఆరో పాఠం. మొదటి గణంలో ఉ, త్సు, రు చివరనున్న క్రియలకు 'త్తె', ము, బు, ను ఉంటే 'న్దె', కు ఉంటే 'ఇతె', గు ఉంటే 'ఇదె', సు ఉంటే 'షితె'. రెండో గణానికి 'రు' తీసి 'తె' చేర్చడమే. మొదటి గణంలో 'ఇకు' (వెళ్ళడం) ఒక్కటి లెక్క తప్పి 'ఇత్తె' అవుతుంది. ఇదంతా పాటగా పాడించినా పిల్లలు జారేది 'కయెరు' దగ్గర. రూపం చూస్తే రెండో గణంలా ఉంటుంది, నిజానికి మొదటి గణం. తిరిగి వెళ్ళడానికి 'కయెత్తె', మార్చడానికి 'కయెతె'. 'కిరు' కూడా అంతే. కోయడానికి 'కిత్తె', తొడుక్కోవడానికి 'కితె'. మొదటి ఏడాదిలో ఇలాంటి క్రియలు పదో పన్నెండో ఉంటాయి. వాటిని గోడమీద అంటించి, ప్రతి క్విజ్‌లో రెండేసి ఇస్తూ ఉండాలి.

తెలుగు మనల్ని మోసం చేసే చోట్లూ ఉన్నాయి. లైబ్రరీలో పుస్తకం ఉంది, లైబ్రరీలో చదివాను. మనకు రెండూ 'లో'. జపనీస్‌లో ఉనికికి 'ని', పనికి 'దె'. వేగంగా మాట్లాడేటప్పుడు ఏళ్ళ అనుభవమున్న తెలుగువాళ్ళూ ఇక్కడ తడబడతారు. నామం వెనక వచ్చే 'వ', 'గ' ప్రత్యయాల తేడా సగమే అందుతుంది. 'నేనైతే' అనే చోట 'వ' వస్తుందని పట్టుకోవచ్చు, 'నాకు అర్థమవుతుంది' అనేటప్పుడు అర్థమయ్యేదానికి 'గ' వస్తుందనీ పట్టుకోవచ్చు. 'ఎవరు వచ్చారు?' అన్న ప్రశ్నలో 'గ' తప్ప 'వ' ఎందుకు పనికిరాదో చెప్పడానికి మాత్రం తెలుగు సాయం చెయ్యదు. ఇక స్వరం. 'హషి' మొదటి అక్షరం ఎత్తుగా పలికితే తినే పుల్లలు, రెండోది ఎత్తితే వంతెన. మన చెవికి ఈ అలవాటు లేదు. 'దెసు', 'సుకి'లలో 'ఉ'కారం దాదాపు మింగేస్తారు. మనం అక్షరం అక్షరం స్పష్టంగా పలుకుతాం, పిల్లలు దాన్నే పట్టుకుంటారు. పాఠం చెప్పేముందు ఆ రోజు మాటలన్నీ రికార్డింగుతో పాటు గొంతెత్తి చదువుకోవడం ఎంత అనుభవజ్ఞులకైనా అవసరమే. మన 'ర', మన 'త' మాత్రం జపనీస్‌కు బాగా సరిపోతాయి.

అనిమే చూసి వచ్చిన పిల్లలకు వినికిడి బాగుంటుంది, మర్యాద తెలియదు. 'ఒరె', 'ఒమయె' అంటారు. అవి మగవాళ్ళు చనువున్నచోట వాడే మాటలు. టీచరు ముందు అంటే 'నువ్వెవడివిరా' అన్నట్టుంటుంది. తిట్టక్కర్లేదు. అదే సంభాషణను స్నేహితుడితో ఒకసారి, ప్రొఫెసరుతో ఒకసారి, ఉద్యోగ ఇంటర్వ్యూలో ఒకసారి చేయిస్తే వాళ్ళకే తెలుస్తుంది.

సంస్కృతిని విడిగా శుక్రవారం పాఠంగా పెట్టడం నాకు నచ్చదు. అది మాటలోనే ఉంది. ఎదుటివాళ్ళు చెబుతుంటే మధ్యమధ్య 'హాయ్', 'ఎఎ', 'సో దెసు క' అంటూ ఉండటం జపనీస్‌లో తప్పనిసరి. మన ఊ కొట్టడమే అది. అమెరికన్ విద్యార్థులకు ఇది మాటకు అడ్డు రావడంలా తోచి నిశ్శబ్దంగా వింటారు, చెప్పే జపనీస్ మనిషి ఫోన్లో లైను తెగిందేమోనని 'మొషి మొషి' అంటాడు. జంటలుగా కూర్చోబెట్టి, ఒకరు చెబుతుంటే రెండోవాళ్ళు ఊ కొట్టిన ప్రతిసారీ టిక్కు పెట్టించండి. వారంలో అలవాటవుతుంది. 'గారు'లాంటి 'సన్' తన పేరుకు తగిలించుకోకూడదని మనకు చెప్పక్కర్లేదు. అయితే బయటివాళ్ళతో మాట్లాడేటప్పుడు మన మేనేజరుకు కూడా 'సన్' తీసేసి, ఆయన పనులకు తగ్గింపు క్రియలే వాడాలి. 'మా మేనేజరుగారు బయటికి వెళ్ళారండీ' అనే మన మర్యాద అక్కడ తప్పు. ఈ లోపలివాళ్ళు, బయటివాళ్ళు అనే గీత తెలుగు టీచరు ప్రయత్నపూర్వకంగా నేర్చుకుని నేర్పాల్సింది.

టీ వేడుక చూపించమని విభాగాలు అడుగుతూనే ఉంటాయి. ఒక గిన్నెకు రెండు గ్రాముల మాచ్చా, అంటే ఆకుపచ్చ టీ పొడి, 70 మిల్లీలీటర్ల నీళ్ళు, 80 డిగ్రీల వేడి. మరిగే నీళ్ళు పోస్తే చేదెక్కుతుంది. పొడిని జల్లించకపోతే ఉండలు కడుతుంది. వెదురు కవ్వాన్ని ముందు వేడినీళ్ళలో నానబెట్టకపోతే పుల్లలు విరిగి గిన్నెలో పడతాయి. 30 గ్రాముల డబ్బా పదిహేను గిన్నెలకే వస్తుంది, ఇరవైమంది క్లాసుకు రెండు డబ్బాలు తెచ్చుకోవాలి. తీపి ముందు తినాలి, టీ తర్వాత. బొగ్గు కుంపటి క్యాంపస్ అగ్నిమాపక నిబంధనలకు ఒప్పదు కాబట్టి కరెంటు కెటిల్‌తో సరిపెట్టుకోవాలి, అలర్జీల జాబితా వారం ముందే అడిగి ఉంచుకోవాలి.

ఉద్యోగంలో అసలు బరువు దిద్దడం. ఇరవైమంది, ఒక్కో కాగితానికి మూడు నిమిషాలు వేసుకుంటే గంట. మూడు సెక్షన్లుంటే రోజుకు మూడు గంటలు. మర్నాటికి తిరిగివ్వకపోతే తప్పు గట్టిపడిపోతుంది కాబట్టి వాయిదా వేసే వీల్లేదు. తప్పును పూర్తిగా దిద్దకుండా గుర్తు మాత్రమే పెట్టి, వాళ్ళచేతే దిద్దించుకుంటే సమయమూ కలిసొస్తుంది, చదువూ వస్తుంది. అనువాద యంత్రాలతో రాసిన వ్యాసం ఇట్టే తెలిసిపోతుంది. ఎనిమిదో పాఠంలో ఉన్న విద్యార్థి నేర్చుకోని కర్మణి వాక్యాలు, నేర్చుకోని కాంజి అందులో బారులు తీరి ఉంటాయి. విచారణలు పెట్టి ప్రయోజనం లేదు. మొదటి ప్రతి క్లాసులోనే చేత్తో రాయించండి, నేర్చుకున్న కాంజి మాత్రమే వాడాలని చెప్పండి, చివర్లో దాని మీదే రెండు నిమిషాలు మాట్లాడించండి. మార్కుల్లో సగం ఆ మాటలకే ఉండాలి.

ఉద్యోగ ప్రకటనల్లో జపనీస్ మాతృభాష స్థాయిలో రావాలని రాస్తారు. జపనీస్ ప్రావీణ్య పరీక్ష జేఎల్‌పీటీలో అన్నిటికన్నా పై స్థాయి అయిన ఎన్1 చేతిలో ఉన్నా అది చాలదు. ఆ పరీక్షలో మాట్లాడటం లేదు, వ్యాసం రాయడం లేదు. జపనీస్ బోధనలోనో భాషాశాస్త్రంలోనో ఎం.ఏ., దానికి తోడు తరగతి వీడియో ఉంటే విలువ. వీసా సంగతి మన ఇంజినీర్లకు తెలిసిన దారి కాదు. జపనీస్ డిగ్రీ మీద ఓపీటీ (చదువయ్యాక పనిచేసే అనుమతి) 12 నెలలే, సైన్సు, ఇంజినీరింగువాళ్ళకు వచ్చే 24 నెలల పొడిగింపు లేదు. యూనివర్సిటీ హెచ్-1బికి లాటరీ లేదు, కానీ ప్రైవేటు కంపెనీకి మారితే లాటరీలో నిలబడాల్సిందే. 2025 సెప్టెంబరులో దేశం బయటి నుంచి కొత్తగా వచ్చేవారి హెచ్-1బికి లక్ష డాలర్ల రుసుం పెట్టారు. గ్రీన్‌కార్డుకు బోధన ఉద్యోగాల్లో ఒక వెసులుబాటు ఉంది. జాతీయస్థాయి వృత్తి పత్రికలో ప్రకటన ఇచ్చి, పోటీలో ఎంపిక చేసి ఉంటే, ఆ ఎంపిక జరిగిన 18 నెలల లోపు గ్రీన్‌కార్డుకు తొలిమెట్టయిన లేబర్ సర్టిఫికేషన్ వేయొచ్చు, మళ్ళీ ప్రకటన అక్కర్లేదు. ఏడాది కాంట్రాక్టు లెక్చరర్ల విషయంలో ఈ గడువు ఎవరూ గుర్తుపెట్టుకోరు. చేరేముందే అడిగి రాతలో తీసుకోవాలి.

ఎంపికలో తేల్చేది డెమో క్లాసు, పదిహేను, ఇరవై నిమిషాలది. 'వ', 'గ'ల తేడా వివరించి మెప్పించాలని చూసేవాళ్ళు అక్కడే పోగొట్టుకుంటారు. ఒకే ఒక్క వాక్య నిర్మాణం తీసుకోండి. రెండో నిమిషానికల్లా పిల్లలు నోరు విప్పాలి, మొత్తం మాటల్లో మీవి మూడో వంతు దాటకూడదు. పిల్లల పేర్లు ముందే అడిగి తీసుకుని, కటకానాలో పేరు చీటీలు రాసి పట్టుకెళ్ళండి, ఎవరిని పిలవాలో తడుముకోనక్కర్లేదు.