పద్మినికి పాట పెట్టిన

మా పద్మిని కారు 1982 మోడల్. నాయిన నడిపినన్ని రోజులు అండ్ల ఇంజిన్ చప్పుడే పాట. నల్లగొండ గడియారం సెంటర్ దిక్కు ఒక దుకాణంల అడిగితే "టచ్ స్క్రీన్ పెడదామన్నా, డ్యాష్‌బోర్డు కొంచెం కోస్తే అయిపాయె" అన్నడు. చేతిల రంపం తయారు! బండి తోలుకొని ఇంటికొచ్చిన.

ఎర్రగడ్డ ఆదివారం అంగట్ల రెండు నాబుల పాత రేడియో క్యాసెట్ సెట్టు దొరికింది. కుడి నాబు తిప్పితే ఎర్రముల్లు అంకెల మీద మెల్లగ జరుగుతది, గది చూసే పడిపోయిన. కోసుడు లేకుంట డ్యాష్‌బోర్డు కింద ఇనుప పట్టీలతోని వేలాడదీసిన. 4 ఓమ్‌ల చిన్న స్పీకర్లు రెండు, వెనక అద్దం కింది పలక మీద. పాత సెట్టు బలమే తక్కువ, పెద్ద స్పీకర్లు దండగ. పాజిటివ్ తీగకు ఫ్యూజు మాత్రం మరువలే.

అయితే యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా స్పీకర్లల కూయ్‌మని ఒకటే రొద. తప్పు నాదే, ఎర్త్ తీగను బండి బాడీకి రంగు మీదనే బిగించిన. గరుకు కాయిదంతోని గీకి, ఇనుము తెల్లగ మెరిసినంక మళ్ల బిగిస్తే చానా వరకు తగ్గింది.

ఫోన్ పాటలకు క్యాసెట్ ఆకారంల అడాప్టర్ ఉన్నది. నాయిన మాత్రం దాన్ని ముట్టడు, ఎర్రముల్లే తిప్పుకుంట కూసుంటడు.