రిమోట్ డెస్క్‌టాప్‌లో చీమ తలకాయంత అక్షరాలు: నా అనుభవం

ఆకివీడులోని మా ఇంటి నుంచే రొయ్యల కొనుగోలు వ్యాపారి ఒకరికి లెక్కలు రాస్తుంటాను. పద్దుల సాఫ్ట్‌వేర్ హైదరాబాద్‌లోని సర్వర్‌లో ఉంటుంది కనుక రిమోట్ డెస్క్‌టాప్ (దూరంలోని కంప్యూటర్ తెరను మన తెర మీద చూపించి, ఇక్కడి నుంచే పనిచేయనిచ్చే ఏర్పాటు) ద్వారానే అందులోకి వెళతాను. పాత లాప్‌టాప్ పాడైతే 14 అంగుళాల తెర, 3840×2400 రిజల్యూషన్ (అడ్డంగా, నిలువుగా ఉండే చుక్కల సంఖ్య) ఉన్న కొత్తది కొన్నాను. దానిలో అన్నీ ముత్యాల్లా కనిపించేవి, రిమోట్‌లోకి వెళ్లగానే మాత్రం అక్షరాలు చీమ తలకాయంత అయిపోయేవి.

కళ్లద్దాలు మార్చుకోవాలేమో అనుకుని, తెరకు ముఖం ఆనించి వారం రోజులు నెట్టుకొచ్చాను. ఆ వారంలోనే పొరపాటు జరిగింది. కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే అది కౌంట్. కౌంట్ తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, ధర ఎక్కువ. ఒక రైతు తెచ్చిన 30 కౌంట్ సరుకును నేను 80గా చదివి బిల్లు వేశాను. "ఏమండీ, నా సరుక్కి ఇంత తక్కువ రేటు పడిందేంటండీ?" అని ఆయన ఫోన్ చేశారు. బిల్లు ఆ పూటే సరిచేశాను గానీ, ఆ రైతు మేత బాకీ తీర్చవలసిన డబ్బు అదేనని తెలిశాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

సర్వర్ చూసుకునే ఆయనను అడిగితే అసలు కారణం తెలిసింది. తెరపై అక్షరాలను, బొమ్మలను ఎంత పెంచి చూపాలో చెప్పేది స్కేలింగ్; విండోస్‌లో 100 శాతం స్కేలింగ్ అంటే అంగుళానికి 96 చుక్కల లెక్క. నా తెరపై అంగుళానికి సుమారు 320 చుక్కలున్నాయి. లాప్‌టాప్ తన స్కేలింగ్‌ను 250 శాతానికి పెంచుకుని సర్దుకుంది, కానీ మా సర్వర్‌లో ఉన్నది విండోస్ సర్వర్ 2008 ఆర్2. మన తెర స్కేలింగ్‌ను కనెక్ట్ అయ్యేటప్పుడే అందుకోవడం 2012 ఆర్2 నుంచి వచ్చిన సదుపాయం కాబట్టి, అది 100 శాతంతోనే బొమ్మ గీసి పంపేది. నా కళ్లలో లోపమేమీ లేదన్న మాట.

మొదట రిమోట్ కనెక్షన్ రిజల్యూషన్‌ను 2560×1600కు తగ్గించి, వచ్చిన బొమ్మను కిటికీకి సరిపడా సాగదీసే స్మార్ట్ సైజింగ్ పెట్టాను. అక్షరాలు పెరిగాయి, కానీ ఒక్కో చుక్క అడ్డంగా, నిలువుగా ఒకటిన్నర చుక్కలుగా సాగవలసి రావడంతో అంచులు అలికినట్టయ్యాయి. అంకెలతో పనిచేసేవారికి చిన్న అక్షరం కంటే మసక అక్షరమే ప్రమాదమని నా అభిప్రాయం. తరువాత సరిగ్గా సగానికి, అంటే 1920×1200కు దించి, కనెక్ట్ అయ్యాక కిటికీ పైపట్టీ ఎడమ మూలనున్న బొమ్మపై నొక్కితే వచ్చే మెనూలో జూమ్ 200 శాతం ఎంచుకుని, కంట్రోల్, ఆల్ట్, బ్రేక్ మీటలు కలిపి నొక్కి తెర నిండా పరిచాను. ఒక్కో చుక్క అడ్డంగా రెండు, నిలువుగా రెండు, మొత్తం నాలుగు చుక్కలై నిలిచింది. కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నా 3 అంకెకు ఎడమవైపు ఉండే ఖాళీ స్పష్టంగా కనిపించింది.

కొంతకాలానికి సర్వర్‌ను 2019కి మార్చారు. అప్పటి నుంచి జూమ్ అవసరం తీరింది. అయితే ఎప్పుడైనా వ్యాపారి ఆఫీసుకు వెళ్లి, అక్కడి పాత మానిటర్ మీద పనిచేసి, సెషన్‌ను (సర్వర్‌లో తెరిచి ఉన్న నా పనిని) మూయకుండా డిస్‌కనెక్ట్ చేసి వదిలేసి, ఇంటికొచ్చి మళ్లీ కలిస్తే పద్దుల కిటికీ మసకగానే తెరుచుకునేది. పాత స్కేలింగ్ ఆ సెషన్‌ను అంటిపెట్టుకుని ఉండడమే కారణం. పూర్తిగా సైన్ అవుట్ చేసి తిరిగి లోపలికి వెళితే సరిపోతుంది. అందుకే ఇప్పుడు ఆఫీసులో లేచేముందు సైన్ అవుట్ చేసే వస్తున్నాను.