ఉప్పు మడుల పక్కన మా ఇంటి జాడీ

మా చెల్లెలు మూడో నెలలో, వేవిళ్ళకు తట్టుకోలేక, టెక్కలిలోని పుట్టింటికి వచ్చింది. నౌపడ ఉప్పు మడులు దగ్గరే కావడం వల్ల మా ఇంట్లో మొదటినుంచీ వాడేది కొఠారు నుంచి బస్తాగా తెచ్చుకున్న కల్లుప్పే. అది పొయ్యి పక్కన మూత లేని జాడీలో, వానాకాలమంతా అడుగున నీరూరుతూ ఉంటుంది. చెల్లెల్ని చూడడానికి వచ్చిన ఆశా కార్యకర్త ఆ జాడీలోంచి చిటికెడు ఉప్పు తీసి, దానిమీద పరీక్ష మందు ఒక చుక్క వేశారు. అయోడిన్ ఉంటే నీలిరంగుకు తిరగవలసిన ఉప్పు తెల్లగానే ఉండిపోయింది.

"సముద్రం ఒడ్డునున్నోలం, మనకి అయోడిన్ తక్కువేటి?" అంది అమ్మ. నిజానికి నేనూ అలాగే అనుకునేవాణ్ణి. సముద్రపు నీటిలో అయోడిన్ ఉన్న మాట వాస్తవమే గాని, అది లీటరుకు సుమారు 50 మైక్రోగ్రాములే. ఆ నీరు మడిలో ఎండి ఉప్పయ్యేసరికి మిగిలేది లెక్కకు రాదు. సముద్రపు చేపల్లో అయోడిన్ ఉంటుంది, కానీ చేప వాసనే పడని వేవిళ్ళ మనిషికి దానివల్ల ఒరిగేదేమీ లేదు.

మామూలు మనిషికి రోజుకు 150 మైక్రోగ్రాముల అయోడిన్ సరిపోతే, గర్భిణికి, పాలిచ్చే తల్లికి 250 కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. గొంతులోని థైరాయిడ్ గ్రంథి హార్మోను తయారుచేసేది అయోడిన్‌తోనే. తల్లి థైరాయిడ్ ఇద్దరికి సరిపడా హార్మోను తయారు చేయాలి, పైగా ఆ నెలల్లో మూత్రం ద్వారా పోయే అయోడిన్ కూడా పెరుగుతుంది. సగం గర్భకాలం గడిచేదాకా బిడ్డ థైరాయిడ్ చాలినంత హార్మోను తయారు చేసుకోలేదు కాబట్టి మొదటి నెలల్లో మెదడు ఎదుగుదలకు తల్లి హార్మోనే ఆధారం. లోటు తీవ్రమైతే గర్భస్రావం, మృతశిశువు, పుట్టిన బిడ్డకు చెవుడు, బుద్ధిమాంద్యం వంటి ముప్పులున్నాయి. అంత తీవ్రం కాకపోయినా పిల్లల తెలివితేటల మీద ప్రభావం పడవచ్చు. నెల తప్పిన సంగతి తెలిసేసరికే కొన్ని వారాలు గడిచిపోతాయి కనుక ఈ జాగ్రత్త పెళ్ళయిన నాటినుంచే ఉండవలసినది.

ఈ విషయంలో దేశానికి దారి చూపినవారిలో ఒకరు మన జిల్లావారే. 1921లో శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి, ఇప్పటి హిమాచల్‌ప్రదేశ్‌లోని కాంగ్రా లోయలో 1956 నుంచి కొన్ని ప్రాంతాలకు అయోడిన్ కలిపిన ఉప్పు, ఒక ప్రాంతానికి మామూలు ఉప్పు ఇచ్చి చూస్తే, అయోడిన్ ఉప్పు తిన్నచోట కొన్నేళ్ళలోనే గాయిటర్ అనే గొంతు వాపులు బాగా తగ్గాయి. 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. 2006 మే నుంచి అయోడిన్ లేని ఉప్పును తినడానికి అమ్మడం నిషేధం, అయినా మా సంతలో బస్తా విప్పి డబ్బాతో కొలిచే ఉప్పును ఎవరూ పట్టించుకోరు.

ప్యాకెట్ ఉప్పులో వినియోగదారుడికి చేరేసరికి కిలోకు కనీసం 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండాలి, అంటే గ్రాముకు 15 మైక్రోగ్రాములు. ఆ కనీస లెక్కన రోజుకు అయిదు గ్రాములు తిన్నా 75కు మించదు, వంటలో కొంత పోతుంది కూడా. మిగతాది పాలు, గుడ్లు, చేపల నుంచి రావాలి. అలాగని సొంతంగా అయోడిన్ మాత్రలు మింగడం ప్రమాదం, ఎక్కువైనా థైరాయిడ్ దెబ్బతింటుంది. కాళ్ళకు నీరు పట్టిందని, బాలింత పథ్యమని ఉప్పే మాన్పించే పెద్దవాళ్ళతో మాత్రం నాకు పేచీ ఉంది.

డాక్టరు చెల్లెలికి థైరాయిడ్ పనితీరు తెలిపే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష రాశారు. ఫలితం హద్దుల్లోనే ఉంది. ఇప్పుడు వంటింట్లో మూత ఉన్న స్టీలు డబ్బాలో ప్యాకెట్ ఉప్పు ఉంది, అమ్మ దాన్ని కూర దించే ముందు వేస్తోంది. ఆవకాయకు మాత్రం కల్లుప్పే కావాలంటోంది. దాని సంగతి వేసవికి చూడాలి.